మా అత్త కుట్టిన నిక్కర్లు

పిల్లలకు ఫోను ఎలా మాన్పించాలో చెప్పే సలహాలన్నీ ఫోనులోనే ఉంటాయి. నేనూ వాటిని ఫోనులోనే చూశాను. వేసవి సెలవులకు మా కాలేజీ మూసేశారు, మా పాప బడీ మూసేశారు. తిరుచానూరు రోడ్డు పక్క వీధిలో మా ఇల్లు. పైన డాబా తప్ప నీడ లేదు. మధ్యాహ్నమైతే గోడకు వీపు ఆనించలేం. పాప ఫ్యాను కింద బోర్లా పడుకుని ఫోను చూసేది. నేను పక్కనే పడుకుని నా ఫోను చూసుకుంటూ "కళ్లు పోతాయే" అని హెచ్చరించేదాన్ని. అది ఎందుకు భయపడేది కాదో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అలా హెచ్చరిస్తున్న ఒక మధ్యాహ్నం నాకొక వీడియో దొరికింది. పిల్లలతో కలిసి ఇంట్లోనే సులువుగా కుట్టుకునే వస్తువులట. తెల్లటి గది, తెల్లటి బల్ల, బల్ల మీద ఒక్క దారపు పోగు కూడా లేదు. అందులో ఒక తల్లి, పక్కన కూతురు. ఆ కూతురికి దాహం వేయదు, చెయ్యి దురద పెట్టదు, సూది గుచ్చుకోదు. ఇద్దరూ నవ్వుకుంటూనే పాత సాక్సుతో కుందేలును చేసేశారు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. మనిషి కోరికలకు అంతులేదు, వనరులకు మాత్రం హద్దుంది అనేది మొదటి పాఠం. ఆ పూట ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. లేచి మా ఆయన సాక్సు వెతకడం మొదలుపెట్టాను.

సాయంత్రానికి కుందేలు తయారైంది. పాప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, దీనికి జొరమొచ్చిందా?" అని అడిగింది.

నేను వెనక్కి తగ్గలేదు. మరుసటి రోజు వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ కుట్టాం. చుట్టూ లేసు పెట్టాం. మా అత్త దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"ఇది ఏందమ్మే?"

"వేడి గిన్నెలు దించేదానికి అత్తా."

"మసిగుడ్డ గదా. లేసు పెడితే మసి అంటుకోదా ఏమి?"

ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు పిడికి ఒక తొడుగు, గ్యాసు సిలిండరుకు కుచ్చుల పావడ, టీవీ రిమోటుకు జేబు, పాత దూది కూరి సోఫాకు దిండ్లు కుట్టాం. పాప సగం కుట్టి లేచిపోయేది. మిగతా సగం నేను కుట్టేదాన్ని. వీడియోలో దాన్ని తల్లీకూతుళ్ల అనుబంధం అంటారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే ఇల్లంతా ఒకసారి కలియజూశాడు.

"ఫ్రిజ్జుకు చొక్కా, గ్యాసుబండకు పావడ. ఈ ఇంట్లో బనీను చినిగింది నాకొక్కడికే" అన్నాడు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సోఫాలో కూర్చుని, నేను కుట్టిన దిండును వీపు వెనక పెట్టుకుని వెనక్కి వాలాడు. కుట్లు పటపటా విడిపోయి, పాత దూది ఆయన చొక్కా నిండా అంటుకుంది. దులుపుకుంటూ, పెళ్లయిన నాటి నుంచి నేను వింటున్న మాట మళ్లీ అన్నాడు.

"మాయమ్మ కుట్టిన నిక్కర్లు చూసుండాల్సింది నువ్వు. మామిడి చెట్టెక్కి జారినా ఒక్క కుట్టు వదిలేది కాదు."

ఆ నిక్కర్ల సంగతి చెప్పాలి. అవి మా ఇంటి పురాణం. నా భర్త, ఆయన తమ్ముడు చిన్నప్పుడు కొన్న నిక్కరు వేసుకున్న పాపాన పోలేదు. అన్నీ మా అత్త కుట్టినవే. జేబులు రెండు, బొత్తాలు ఇత్తడివి, నడుము దగ్గర పెరిగేకొద్దీ వదులు చేసుకునేలా మడత. నేను పాపకు బజార్లో గౌను కొన్న ప్రతిసారీ ఆ నిక్కర్ల ప్రస్తావన వచ్చేది. మా అత్త ఆ ప్రస్తావన వచ్చినప్పుడు ఏమీ అనేది కాదు. తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండేది. ఆ మౌనాన్ని నేను గొప్పవాళ్ల వినయమనుకుని లోలోపల పళ్లు కొరికేదాన్ని.

ఆ పురాణానికి సాక్ష్యంగా హాల్లో ఒక మూల కాలితో తొక్కే కుట్టుమిషను కూడా ఉంది. పైన పాత దుప్పటి కప్పి, దాని మీద మందుల డబ్బా, పంచాంగం, నడవని గోడగడియారం పెట్టుకున్నాం. నేను వచ్చినప్పటి నుంచి అది బల్లగానే బతుకుతోంది.

చేతి కుట్లు నిలవడం లేదు కాబట్టి మిషను తీద్దామన్నాను. ఇంట్లో ఇంత పెద్ద విద్వాంసురాలిని పెట్టుకుని మేం వీడియోలు చూడడమేమిటి?

"అత్తా, పాపకు మిషను నేర్పించండి" అన్నాను.

"దానికి బెల్టు తెగిపోయుండాది" అంది మా అత్త.

బజారుకు వెళ్లి బెల్టు తెచ్చాను.

"సూది మొండిదై ఉంటాది."

సూదులు తెచ్చాను.

"తుప్పు పట్టింటాదమ్మే. తిరగదు."

మిషన్లు బాగు చేసే ఆయన్ను పిలిపించాను. ఆయన నూనె పోసి, తుడిచి, దారమెక్కించి, గుడ్డముక్క మీద చక్కగా కుట్టి చూపించి, టీ తాగి వెళ్లిపోయాడు.

"నాకు చూపు ఆనదు. సూది బొక్కే కనపడదు" అంది మా అత్త. ఈ మాట అంటున్నప్పుడు ఆమె ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర ఎవరిదో, ఎప్పుడు కొన్నదో నాకు చెబుతోంది.

"సూదిలో దారం నేనెక్కిస్తాలే అవ్వా" అంది పాప.

ఇక తప్పించుకోవడానికి దారి లేకపోయింది. "రేపు సూస్తాంలే" అని మా అత్త లేచి వెళ్లి పడుకుంది. ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది. ఒక రోజు మోకాలి నొప్పి, ఒక రోజు శుక్రవారం, ఒక రోజు అమావాస్య. నేను మాత్రం దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నాను. తన విద్య కోడలికి దక్కకూడదని ఆమె పట్టుదల అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, అర్థం చేసుకోవడంలో నాకు నేనే సాటి.

చివరికి ఒక మధ్యాహ్నం మా అత్త మిషను ముందు కూర్చుంది. నేను లోపలి గదిలో నిద్రపోతున్నానని వాళ్లిద్దరూ అనుకున్నారు. నేను మేలుకునే ఉన్నాను. తలుపు ఓరగా ఉంది. మిషను చప్పుడు మొదలైంది. నాలుగు అడుగులు వేసి ఆగింది. మళ్లీ మొదలై మళ్లీ ఆగింది.

"అవ్వా, చక్రం ఎనక్కి తిరుగుతా ఉండాది" అంది పాప.

"తిరగనీలే మేయ్. బాగు చేసిన మిషను అట్లే తిరుగుతాది."

"ఎనక్కి తిరిగితే దారం తెగిపోతాదంట. వీడియోలో చెప్పినారు. ఇంగ గుడ్డను అణిచే ఈ పాదం దించకుండానే కుడతా ఉండావు."

మిషను చప్పుడు ఆగిపోయింది. తర్వాత పాప గొంతు తగ్గించి అడిగింది.

"అవ్వా, నీకు మిషను కుట్టేది వస్తాదా, రాదా?"

"రాదు" అంది మా అత్త.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

"మరి నాయన నిక్కర్లో?"

"అవి మీ కార్వేటినగరం అవ్వ కుట్టింది."

కార్వేటినగరం అవ్వ అంటే మా మామ చెల్లెలు. మా అత్తకు ఆడబిడ్డ. అక్కడ చుట్టుపక్కల వీధుల్లో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది ఆమే.

"ఆయమ్మకు పెండ్లి కాకముందు ఈ మిషను ఆయమ్మదే" అంటోంది మా అత్త. "నేను కొత్తకోడలు. నేర్చుకుందామని పక్కన కూసుంటే, 'దారం తెంచేస్తావు వదినా, పొయ్యి కాడ సూడు పో' అనేది. పెండ్లయిపోయినాక ఆడ వాళ్లాయన కొత్తది కొనిచ్చినాడు. ఇది ఈడే ఉండిపోయె. ఆయమ్మ నిక్కర్లు, చొక్కాలు కుట్టి బస్సులో వచ్చేవాళ్ల చేత పంపిస్తా ఉండె. మీ నాయన రవంత ఉన్నప్పుడు, బడికాడ అందరికీ 'మాయమ్మ కుట్టింది' అని చెప్పుకున్నాడంట. ఇంటికొచ్చి అదే మాట నాకు సంబరంగా చెప్పినాడు. ఆ మొగం చూసి కాదని ఎట్ల చెప్పేది? ఒకసారి కాదనకుంటే మళ్లా యాడ కాదంటావు?"

"అప్పుడే నేర్చుకోని ఉండొచ్చు గదా?"

"అందరూ నాకు వస్తాది అనుకుంటా ఉంటే, పోయి ఎవురిని అడిగి నేర్చుకునేది మేయ్?"

పాప కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"మీ యమ్మకు చెప్పొద్దు" అంది మా అత్త.

"చెప్పను అవ్వా, ఒట్టు."

నేను వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టానో లేదో, పాప నా వెనకే వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పేసింది. చెప్పాక, "నువ్వు కూడా ఒట్టు వెయ్యి" అంది. వేశాను.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. ఇన్నేళ్లుగా ఏ నిక్కర్లతో నన్ను కొలిచారో, ఆ నిక్కర్ల గుట్టు నా కొంగున ఉంది. ఎప్పుడు, ఎవరి ముందు, ఏ స్వరంతో విప్పాలా అని ఆ సాయంత్రమంతా ఆనందంగా ఆలోచించుకున్నాను. పండుగకు చీర ఎంచుకున్నంత శ్రద్ధగా మాటలు ఎంచుకున్నాను. అన్నం వేళకు అవకాశం తనంతట తానే నడిచివచ్చింది. రాగి సంగటి ముద్దను పప్పులో అద్దుకుంటూ మా ఆయన మిషను వైపు చూశాడు.

"బాగు చేయించినారా? ఇంగనేముంది, మాయమ్మ కూసుంటే దిండ్లేంది, పరుపులే కుడుతాది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా అత్త వైపు చూశాను. ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను విన్నానని ఆమెకు తెలియదు. అయినా, ఎవరు ఏమంటారోనన్న భయం ఆమె మెడ మీద కనిపిస్తోంది. ఇన్నేళ్లూ నేను వినయమనుకున్నది ఇదే. ఈ మాట వచ్చిన ప్రతిసారీ ఆమె ఇలాగే ఆగిపోయేది కాబోలు. నేనే చూడలేదు. బియ్యం చాటను చూసి ఊరుకున్నాను.

"మిషనుకు ఇంకా రిపేరు ఉంది. ఇప్పుడే ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాను.

ఎంచుకున్న మాటలన్నీ అలా పప్పులో కలిసిపోయాయి. చాలా సేపు నాకు నా మీదే కోపంగా ఉండింది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నాలు నా నిద్ర ఒక కార్యక్రమమైంది. "నాకు తల నొస్తోంది, పడుకుంటున్నా, ఎవరూ లేపద్దు" అని ఇల్లంతా వినిపించేలా ప్రకటించి తలుపు వేసుకునేదాన్ని. రెండు నిమిషాల్లో హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు, వీడియోలోని ఆ నవ్వుల తల్లి గొంతు వినిపించేవి. మా అత్త ఆ తల్లితో నేరుగా గొడవ పెట్టుకునేది.

"ఆగమ్మే తల్లీ! అంత బిరబిరా పోతే మేం ఎట్ల అందుకునేది? పాపా, ఆయమ్మను ఆపు."

పాప ఆపేది.

"మళ్లా మొదటికాడ్నించి పెట్టు. ఆ మడత యాడ పెట్టిందో సూడల్ల."

మొదట దారం లేకుండా పాత పేపర్ల మీద గీతలు కుట్టారు. ఆ కాగితాలను చెత్తబుట్ట అడుగున, కూరగాయల తొక్కల కింద దాచేవారు. చెత్తబుట్ట తీసేది నేనే కాబట్టి వాళ్ల ప్రగతి నాకు రోజూ తెలిసేది. గీతలు మొదట్లో తిరుమల ఘాట్ రోడ్డులా వంకర్లు పోయాయి. పోను పోను కాస్త దారికొచ్చాయి. తర్వాత చేతిగుడ్డలు, తర్వాత మసిగుడ్డలు. మసిగుడ్డకు లేసు పెడితే మసి అంటుకోదా అని అడిగిన మా అత్తే, తన మసిగుడ్డకు రెండు వరుసల లేసు పెట్టింది. దాన్ని గిన్నెలకు వాడనివ్వలేదు కూడా. మాసిపోతుందట.

ఒక రోజు నేను కనిపెట్టకపోతే బాగుండదన్నంత బాహాటంగా హాల్లో గుడ్డముక్కలు పరుచుకుని కూర్చున్నారు. "రిపేరైపోయింది" అంది పాప నా మొహం చూడకుండా. మా ఆయన ఒక చేతిగుడ్డ తీసుకుని మడతలు విప్పి చూశాడు. నాలుగు మూలలూ నాలుగు దిక్కులకు పోతున్నాయి.

"సూస్తివా? చెయ్యి తిరిగిన పని మరుపు రాదు" అన్నాడు నాతో. ఈయనకు కళ్లద్దాలు ఉన్నాయి. పెట్టుకునే ఉన్నాడు.

ఆ ఉత్సాహంలో మా అత్త గౌను మొదలుపెట్టింది. కొత్త దిండు గలీబుతో చిన్నపిల్లలకు సులువుగా గౌను కుట్టే వీడియో అది. మూసి ఉన్న వైపు మెడకూ, చంకలకూ కోసి, పైన నాడా దూర్చి భుజాల మీద ముడి వేస్తే అయిపోతుంది. అయిపోవడానికి మా వాళ్లకు ఆ వారమంతా పట్టింది. మధ్యలో ఒకసారి ముందుభాగాన్నీ వెనకభాగాన్నీ కలిపి కుట్టేసి, తల దూరక పాప లోపలి నుంచి కేకలు పెట్టింది. కుట్లు విప్పి మళ్లీ కుట్టారు. గులాబీ రంగు గౌను, కింద తెల్లటి అంచు. పాప దాన్ని వేసుకుని వీధి చివర పూలమ్మే ఆమె దాకా వెళ్లి చూపించి వచ్చింది.

సరిగ్గా ఆ శుక్రవారమే కార్వేటినగరం నుంచి మా అత్త ఆడబిడ్డ దిగింది. తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వచ్చినప్పుడల్లా ఆమె మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్తుంది. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల మొహాలు కాదు, వాళ్ల జాకెట్లు చూస్తుంది. నన్ను చూడగానే, "నీకు భుజం జారిపోతా ఉండాదే, యాడ కుట్టిచ్చినావు?" అనడం ఆమె పలకరింపు.

ఆ రోజు నా భుజం బతికిపోయింది. ఆమె కళ్లు పాప గౌను మీద పడ్డాయి.

"ఈ గౌను యాడిది?"

"మా యవ్వ కుట్టింది" అంది పాప గిర్రున తిరుగుతూ.

"ఏ యవ్వ?"

"ఈ యవ్వ!"

ఆమె వదిన వైపు తిరిగి, దాచుకోకుండా నవ్వేసింది. "నీకు మిషను వస్తాదా వదినా? ఎప్పుడు నేర్చుకున్నావు?"

ఫోనులో వార్తలు చూస్తున్న మా ఆయన తలెత్తాడు. "అదేందత్తా, మా నిక్కర్లన్నీ కుట్టింది మాయమ్మే గదా!"

ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది. మేనల్లుడి మొహం చూసింది, వదిన మొహం చూసింది. ఆమెకు విషయం అర్థమైందని నాకు అర్థమైంది. నేను ఏదో ఒకటి అడ్డం వెయ్యాలని, "మంచినీళ్లు తెస్తానుండండి" అంటూ లేచాను. మంచినీళ్లు ఆమె చేతిలోనే ఉన్నాయి.

మా అత్త కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"లేదు నాయనా. నీ నిక్కర్లు కుట్టింది మీ యత్త. నీ నిక్కర్లూ, నీ తమ్మునివీ అన్నీ. నువ్వు నేను కుట్టినాననుకుంటివి, నేను ఊరకుంటి" అంది. పాపను దగ్గరికి లాక్కుని గౌను అంచు సవరించింది. "ఇది మాత్రం నేనే కుట్టినా. ఈ పాపా, నేనూ."

మా ఆయన మొహం చూడడానికి నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను. తీరా చూస్తే అందులో ఆనందించడానికి ఏమీ లేదు. ఆయన "అట్లనా?" అన్నాడు. తర్వాత లేచి వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. గౌనుకున్న నాడాను చూపుడువేలికి చుట్టుకుంటూ, "ఇది బాగుండాదిమా" అన్నాడు. మా అత్త ఆయన తల మీద మొట్టింది. మొట్టిన చెయ్యి అక్కడే ఉంచింది.

ఆడబిడ్డ మాత్రం పాపను పిలిచి, గౌను అంచు పట్టుకుని లోపలి వైపు తిప్పి చూసింది. ఎంత సర్దుకుందామన్నా ఆమె వల్ల కాదు.

"చంక కాడ లాగతా ఉండాది వదినా."

"లాగితే లాగనీ."

"కుట్టు సివర్న ముడెయ్యలేదు. ఉతికితే ఊడిపోతాది."

"ఊడితే మళ్లా కుట్టుకుంటా. మిషను ఈడే గదా ఉండేది."

ఆడబిడ్డకు ఆ జవాబు ఎక్కడో తగిలినట్టుంది. అంచు వదిలేసి, "నేనప్పుడు నిన్ను కూసోనిచ్చుంటే నిక్కర్లు పంపే పని నాకు తప్పేది గదా" అంది. అది క్షమాపణో, లెక్క తప్పిందన్న బాధో ఆమెనే అడగాలి. మా అత్త మాత్రం దాన్ని క్షమాపణగానే తీసుకుంది. ఎందుకంటే ఆ రోజు పాయసం చేయమని నాకు చెప్పింది. చేయమని చెప్పడం ఆమె వంతు, చేయడం నా వంతు.

భోజనాలయ్యాక ఇద్దరూ మిషను దగ్గర చేరారు. కుట్టు చివర ముడి ఎలా వేయాలో ఒకామె చూపించింది, అలా కాదు వీడియోలో ఇంకోలా ఉందని ఇంకొకామె వాదించింది. పాప ఫోను పట్టుకుని మధ్యవర్తిగా కూర్చుంది. ఎండ తగ్గాక ఆడబిడ్డ ప్రయాణమైంది. ప్రసాదాలు, మామిడికాయలు పెట్టుకోవడానికి ఆమె దగ్గర సంచి లేదు. మా అత్త లోపలికి వెళ్లి, మా ఆయన పాత ప్యాంటుతో కుట్టిన సంచి ఒకటి తెచ్చి ఇచ్చింది. సంచి చేతులు రెండూ ఒకే పొడవు లేవు.

ఆడబిడ్డ దాన్ని పైకెత్తి చూసింది. నోటి దాకా వచ్చిన మాటను ఆమె మింగడం నేను కళ్లారా చూశాను. సంచి భుజానికి తగిలించుకుని, ఒక పక్కకు ఒరిగిపోతూ, మా ఆయన స్కూటరెక్కి బస్టాండుకు వెళ్లింది.

చీకటి పడ్డాక కార్వేటినగరం చేరి ఫోను చేసింది. దారిలో, పుత్తూరులో బస్సు మారేటప్పుడు సంచి చెయ్యి ఒకటి తెగిపోయిందట. కాయలు బస్టాండంతా దొర్లాయట. ఏరుకుని, ముడి వేసుకుని, అదే సంచిలో ఇంటికి తెచ్చుకుందట. నేను ఫోనును మా అత్త చెవి దగ్గర పెట్టాను. అయ్యో అంటుందేమో, నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె అవతలి మాట పూర్తి కాకముందే అందుకుంది.

"ఏ పక్కది తెగిందమ్మే? పొడుగుదా, పొట్టిదా?"